హైవే దిగితే ఆరేడు కిలోమీటర్లే. పిల్లలమర్రి ఎంతమంది చూశారు?

బెజవాడ బండి (శనివారం, రాత్రి 9:42)

హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద పదహారేళ్ళుగా తిరుగుతున్నాను. సంక్రాంతికి, దసరాకి, పెళ్ళిళ్ళకి, చావులకి. ఏ హోటల్లో సాంబారు బాగుంటుందో, ఏ టోల్ గేటు దగ్గర ఏ లైను త్వరగా కదులుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పోయిన వారం సూర్యాపేట దగ్గర టైరు పంచరైంది. డిక్కీ తీస్తే స్టెప్నీలో కూడా గాలి లేదు. (మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.) పంచరు షాపాయన "గంట పడుతది సార్, అంతల పిల్లలమర్రి పోయి రారాదు? ఆటోవోన్ని పిలుస్త" అన్నాడు. ఆ బోర్డు ఎన్నోసార్లు చూశాను. ఏదో ఊరు అనుకున్నానే గానీ ఎందుకు పెట్టారో ఎప్పుడూ ఆలోచించలేదు.

వెళ్ళాం. ఎరకేశ్వరాలయం. ఎత్తైన పీఠం మీద గుడి, లోపల అద్దంలా నునుపు తేలిన నల్లరాతి స్తంభాలు. వేలు పెట్టి చూస్తే సన్నటి దారాల్లాంటి గీతలు, గొలుసులు, పూలు. ఎండలోంచి లోపలికి అడుగు పెట్టేసరికి ఒళ్ళు చల్లబడింది. మండపంలో ఇద్దరు ఆడపిల్లలు హోంవర్క్ చేసుకుంటున్నారు. మేం తప్ప ఇంకెవరూ లేరు. ఆ పక్కనే నామేశ్వరాలయం. అక్కడొక కుర్రాడు స్తంభాన్ని రూపాయి బిళ్ళతో కొట్టి చూపించాడు, గణగణమని మోగింది. నేనూ కొట్టాను.

గంటన్నర ఉన్నాం. వెనక్కి వస్తుంటే సిగ్గేసింది. ఈ రోడ్డు మీద ఆగి తిన్న దోసెలన్నీ పేరిస్తే ఆ గుడి శిఖరం అంత ఎత్తవుతాయి, ఒక్కసారైనా పక్కకి తిరగలేదు.

మీకు తెలిసిన ఇలాంటి చోట్లు చెప్పండి. జనం వెళ్ళేలా చెయ్యాలంటే ఏం చెయ్యొచ్చో కూడా చెప్పండి.

పేట పోరడు (శనివారం, రాత్రి 10:15)

మా ఊరికి వచ్చినందుకు సంతోషం అన్నా, పంచరైతే గానీ రాలేదనుకో. ఆ గుడి సంగతి కొంచెం చెప్తా. ఎరకేశ్వరాలయాన్ని 1208లో కట్టించింది ఎరకసాని అనే ఆమె. రేచర్ల బేతిరెడ్డి భార్య. ఆమె పేరు మీదే దేవుడికి ఎరకేశ్వరుడని పేరు. నామేశ్వరాలయం నామిరెడ్డి కట్టించింది. 1213లో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడిదీ వీళ్ళదీ ఒకటే వంశం. అంటే రామప్ప కన్నా ఐదేళ్ళు పెద్దది మా గుడి. 2021లో రామప్పకి యునెస్కో గుర్తింపు వచ్చింది, దేశమంతా పేరు మోగింది. మా దగ్గర హోంవర్క్ చేసుకుంటున్నారు. అది కూడా మంచిదేలే.

శృంగార శాకుంతలం రాసిన పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు ఈ ఊరిదే.

ఇక్కడిదాకా వచ్చినోళ్ళు ఫణిగిరి చూడకుండా పోవద్దు. సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు దిక్కు, నాగారం మండలం. పాము పడగ లెక్క ఉండే గుట్ట, అందుకే ఆ పేరు. గుట్ట మీద బౌద్ధుల మహాస్తూపం, చైత్యాలు (ప్రార్థన మందిరాలు), విహారాలు (భిక్షువులు ఉండే చోట్లు). 2024ల తవ్వుతుంటే ఒక కుండ నిండా సీసం నాణేలు దొరికినయి, లెక్కపెడితే 3,730. ఇక్ష్వాకు రాజుల కాలంవి. పొద్దున్నే ఎక్కాలె. పదకొండు దాటితే బండ కాలుతది.

ఎడిసన్ బాబాయి (శనివారం, రాత్రి 11:03)

ఫణిగిరి పేరు వినగానే రాయకుండా ఉండలేకపోతున్నాను. 2023లో న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియంకి వెళ్ళాం. భారతదేశపు తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన. గంటసేపు ట్రైన్ ఎక్కి, పార్కింగ్‌కి, టికెట్‌కి డబ్బులు పోసి వెళ్ళి చూస్తే ఒక శిల్పం కింద "ఫణిగిరి, తెలంగాణ" అని ఉంది. మా ఆవిడది జనగామ. వాళ్ళింటి నుంచి గంట దారి. పాతికేళ్ళుగా అల్లుడిని, ఎన్నిసార్లు వెళ్ళానో ఆ ఇంటికి! మా బావమరిదికి ఫోన్ చేసి అడిగితే "ఆ, ఉంది బావా, ఏవో రాళ్ళు" అన్నాడు.

ఇక్కడి నుంచి మేం ఏం చెయ్యగలమో ఎవరైనా చెప్పండి. డబ్బు పంపడం ఒక్కటే దారి అంటే నాకు భయం. ఎందుకో తర్వాత రాస్తాను.

పెన్నేటి గట్టు (ఆదివారం, ఉదయం 6:50)

అందరూ తిట్టుకున్నా సరే, నా మాట: జనం రాకపోవడమే మేలు. మాది జమ్మలమడుగు. చిన్నప్పుడు గండికోటకి సైకిళ్ళ మీద పోయేవాళ్ళం. మాధవరాయస్వామి గుడిలో పావురాల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. ఆ తర్వాత ఎవరో పెన్నా లోయ ఫోటో నెట్లో పెట్టినారు. ఇప్పుడు శని, ఆదివారాలు చూడండి. డేరాలు, సౌండు బాక్సులు, లోయ అంచున సెల్ఫీలు, పొద్దున లేస్తే సీసా పెంకులు. గోడ మీద బాణం గుర్తు గీసి ఇద్దరి పేర్లు. మీ పిల్లలమర్రి హోంవర్క్ మండపం అట్లే ఉండనీయండి సామీ.

రాతిమడి (ఆదివారం, ఉదయం 8:20)

పెన్నేటి గట్టు గారి బాధ నిజమే. కానీ జనం రాని చోట ఏమవుతుందో మా ఊళ్ళో చూశాను. ఊరి పేరు చెప్పను. పొలాల మధ్య పాడుబడిన శివాలయం, పూజ లేదు, చుట్టూ సర్కారు తుమ్మ. ఒక అమావాస్య రాత్రి ఎవరో నందిని పెకలించి పక్కకి దొర్లించారు, దాని కింద మూడడుగుల గొయ్యి. గుప్తనిధులట. నిమ్మకాయలు, కుంకుమ, కోడి ఈకలు. పది రోజుల దాకా ఎవరికీ తెలియలేదు. అటు పోయేవాడు ఉంటే కదా! ఆ నందికి చెవి విరిగింది. ఇప్పటికీ పక్కకి ఒరిగే ఉంది.

దొరికేది ఏమీ ఉండదు. ఉన్నా ఇంటికి తీసుకుపోవడానికి లేదు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాల్సిందే. పది రూపాయలు! చట్టం పాతది, అంకె మార్చలేదు.

రోజుకి నలుగురు వచ్చిపోతుంటే తవ్వేవాడికి ధైర్యం చాలదు. గుడి పక్కన ఒక టీ కొట్టు పడితే అదే కాపలా.

శాసనాల మాస్టారు (ఆదివారం, ఉదయం 9:05)

బెజవాడ బండి గారూ, టపా బాగుంది. ఒక్క మాటకి మాత్రం చెవి మెలేస్తాను, ఏమీ అనుకోకండి. స్తంభాన్ని నాణెంతో కొట్టడం మానండి. మీరు ఒక్కసారే కొట్టారు. మీ తర్వాత వచ్చే వెయ్యిమంది కూడా ఒక్కోసారే కొడతారు. వందల ఏళ్ళ నునుపు మీద తెల్లటి గుంటలు పడేది అలాగే. ఆ కుర్రాడికి కూడా చెప్పాల్సింది, వాడు పెద్దయ్యాక అక్కడ గైడ్ అవుతాడేమో.

శాసనాలు చూసేవాళ్ళకి ఇంకో మాట. అక్షరాలు కనపడటం లేదని సుద్ద, పిండి, పసుపు రుద్దకండి, నీళ్ళు పోసి బ్రష్షుతో తోమకండి. సాయంత్రం పొద్దు వాలాక వెళ్ళండి. ఫోన్ టార్చి రాయికి ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు రాయికి ఆనించి వేయండి. అక్షరం లేచి నిలబడుతుంది. నేను ముప్ఫై ఏళ్ళు బళ్ళో పాఠం చెప్పాను. పదో తరగతి పిల్లల్ని ఒకసారి అలా తీసుకెళ్ళి టార్చి వేసి చూపిస్తే, ఎప్పుడూ చివరి బెంచీలో నిద్రపోయేవాడు "సార్, ఇది 'శ్రీ'!" అని అరిచాడు. ఆ ఏడాది మొత్తంలో వాడు నోరు తెరిచింది అదొక్కసారే.

కలమళ్ళ వెళ్ళారా ఎవరైనా? కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం. చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో ఒక విరిగిన రాయి. క్రీ.శ. 575 ప్రాంతానిది. మనకి దొరికిన తొలి తెలుగు శాసనం అదే. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు "రేనాణ్డు ఏళన్", అంటే రేనాడు అనే ఈ సీమని ఏలుతుండగా వేయించాడు. తెలుగు భాష గొప్పదని సభల్లో శాలువాలు కప్పుకుంటాం. ఆ రాయి ముందు నిలబడ్డవాళ్ళు ఎంతమంది?

పెన్నేటి గట్టు (ఆదివారం, ఉదయం 9:31)

మాస్టారూ, కలమళ్ళ మాకు పక్కనే. పోయినాను, రెండుసార్లు. అక్కడ డేరాలు వేసుకునేవాడు ఎవడూ రాడు, ఆ రాయి సెల్ఫీకి పనికిరాదు కాబట్టి. అట్లాంటి చోటికి ఎంతమందినైనా పిలవండి, నాకు అభ్యంతరం లేదు.

బెజవాడ బండి (ఆదివారం, ఉదయం 10:12)

చెవి మెలేయించుకున్నాను మాస్టారూ. మొదటి టపాలో ఆ వాక్యం తీసేద్దామనుకున్నా గానీ ఉంచేస్తున్నాను, చదివినవాళ్ళు మీ జవాబు కూడా చదువుతారు.

ఇద్దరు పిల్లల తల్లి (ఆదివారం, మధ్యాహ్నం 1:48)

అందరూ చరిత్ర చెప్తున్నారు, బాత్రూం సంగతి ఒక్కరూ రాయలేదు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళతో బయల్దేరేటప్పుడు మొదటి టెన్షన్ అదే. రామప్పకో గోల్కొండకో వెళ్దాం అంటే ఇంట్లో ఊ అంటారు. పేరు వినని ఊరికి అంటే ఊ అనరు, కారణం చరిత్ర మీద విరక్తి కాదు. కాబట్టి ఎవరు ఏ చోటు గురించి రాసినా మూడు సంగతులు కలిపి రాయండి: దగ్గరలో బాత్రూం ఎక్కడ, నీళ్ళు ఎక్కడ, ఎన్ని మెట్లు.

మేం పోయిన డిసెంబరులో పానగల్లు వెళ్ళాం. నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగితే నల్గొండ, నల్గొండ ఊరి చివరే పానగల్లు. పనులన్నీ ఊళ్ళో చూసుకుని వెళ్ళాం కాబట్టి ఇబ్బంది లేదు. ఛాయా సోమేశ్వరాలయం త్రికూటం, ఒకే మండపానికి మూడు గర్భగుళ్ళు. ఒక గర్భగుడిలో లింగం మీద పగలంతా స్తంభం నీడ ఉంటుంది, కదలదు. మా పెద్దాడికి పదకొండేళ్ళు, గుళ్ళంటే "బోర్ అమ్మా" అంటాడు. వాడితో పందెం కాశాను, ఆ నీడ ఏ స్తంభానిదో కనిపెడితే ఐస్‌క్రీం అని. ఒక్కో స్తంభం ముందు వాళ్ళ నాన్నని నిలబెట్టాడు, చెల్లిని నిలబెట్టాడు, చెయ్యి అడ్డం పెట్టాడు. నలభై నిమిషాలు! చివరికి "ఇది ఒక్కదాని నీడ కాదు, అటూ ఇటూ వెలుగు వచ్చి కలిసిపోయింది" అన్నాడు. పూజారి గారు నవ్వి, పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా అదే చెప్పారు బాబూ అన్నారు. రెండు ఐస్‌క్రీంలు కొనిపెట్టాల్సి వచ్చింది.

దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం, దాన్ని ఆనుకుని మ్యూజియం. అక్కడి గోడల మీద బొమ్మలు చూడటానికే ఒక పూట కావాలి, మాకు తీరిక చాలలేదు.

పేట పోరడు (ఆదివారం, మధ్యాహ్నం 2:20)

అక్కా, మంచి మాట చెప్పినవ్. పిల్లలమర్రికి: బాత్రూం హైవే మీద హోటల్లోనే చూసుకుని రావాలె. నీళ్ళ సీసా వెంట తెచ్చుకోండి, ఖాళీ సీసా వెంట తీసుకపోండి. మెట్లు తక్కువే, కానీ అరుగు ఎత్తు, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకి ఒక చెయ్యి అందియ్యాలె. ఫణిగిరికి: గుట్ట ఎక్కుడే, పైన నీడ తక్కువ, గొడుగు ఉంటే మంచిది.

ఎడిసన్ బాబాయి (ఆదివారం, సాయంత్రం 6:35)

డబ్బు పంపడం భయమన్నాను కదా. చెప్తాను, తిట్టండి.

మా సొంత ఊళ్ళో పాత గుడి ఉంది. ఆరేళ్ళ కింద ఊరి నుంచి ఫోన్ వస్తే, గుడి బాగుచేయిస్తాం అంటే, ఇక్కడ నలుగురం కలిసి బాగానే పంపాం. తర్వాతి ఏడాది వెళ్ళి చూస్తే బయటి రాతి గోడకి గులాబీ రంగు, ద్వారపాలకులకి నీలం పంచెలు, నేల మీద బాత్రూముల్లో వేసే టైల్స్. ద్వారబంధం పక్కన శాసనం ఉండేది. మా తాతగారు నన్ను ఎత్తుకుని దాని మీద అక్షరాలు చూపించేవారు. దాని మీద రెండు పూతలు ఎనామిల్. ఊళ్ళో ఎవరిదీ చెడ్డ ఉద్దేశం కాదు. ప్రేమతోనే వేయించారు. శిలాఫలకం మీద నా పేరు కూడా చెక్కించారు. ఆ పేరు మాత్రం చక్కగా కనపడుతోంది.

శాసనాల మాస్టారు (ఆదివారం, రాత్రి 7:10)

బాబాయి గారూ, తిట్టడానికి ఏముంది, మీరొక్కరే కాదు. తెలిసినవాళ్ళు చేస్తే ఆ రంగు జాగ్రత్తగా తీయించవచ్చు. యంత్రంతో ఇసుక కొట్టించి మాత్రం తీయించకండి, రంగుతో పాటు అక్షరమూ పోతుంది. పాత కట్టడానికి ఏ మరమ్మతు చేయించాలన్నా ముందు పురావస్తు శాఖని అడగాలి. తెలంగాణలో కేంద్ర శాఖ కింద ఉన్నవి కొద్దిగానే, ఎక్కువ భాగం రాష్ట్ర శాఖవి, ఇంకా ఎన్నో అసలు ఎవరి జాబితాలోనూ లేవు. జాబితాలో లేనివాటికే ప్రమాదం ఎక్కువ. ఊరివాళ్ళు సంతకాలు పెట్టి సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకి కాగితం ఇస్తే కనీసం ఒక ఫైలు మొదలవుతుంది. ఫైలు నడుస్తుందా అంటే, అటు నడిచిపోయి అడిగేవాళ్ళు ఉంటే నడుస్తుంది.

దూరం నుంచి చేయగలిగింది కూడా ఉంది. మీ దగ్గర ఆ గుడివి రంగు వేయకముందు ఫోటోలు ఉన్నాయా? పెళ్ళి ఫోటోల వెనకాల కనపడినా సరే. వాటిని వికీమీడియా కామన్స్‌లో (నెట్లో అందరూ చూడగలిగే ఫోటోల భాండారం) పెట్టండి, ఊరు, మండలం, తీసిన సంవత్సరం రాసి. శాసనం కనపడే ఫోటో ఒక్కటున్నా చదివేవాళ్ళం ఉన్నాం.

ఎడిసన్ బాబాయి (ఆదివారం, రాత్రి 7:44)

1994లో మా చెల్లెలి పెళ్ళి ఆ గుళ్ళోనే. ఆల్బం అమ్మ దగ్గర ఉంది. రేపే అడుగుతాను.

కృష్ణొడ్డు (సోమవారం, ఉదయం 7:25)

మాది నారాయణపేట జిల్లా. మా ముడుమాల్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్న. కృష్ణా నది ఒడ్డున, పొలాల నడుమ, మనిషికి రెండింతల ఎత్తు రాళ్ళు నిలబెట్టి ఉంటాయి. ఇనుప యుగపు మనుషులు పాతినవి. కొన్ని వరుసలు సూర్యుడి అయనాలకి సరిపోతాయని పరిశోధించినవాళ్ళు చెప్తరు. ఒక రాతి మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నయి, కలిపి చూస్తే సప్తర్షి మండలం. 2025ల యునెస్కో తాత్కాలిక జాబితాలకి ఎక్కింది.

అసలు సంగతి వేరే. ఆ పెద్ద రాళ్ళు ఇన్నాళ్ళు ఎట్ల మిగిలినయో తెలుసా? ఊరోళ్ళు వాటిని నిలురాళ్ళ తిమ్మప్ప అని మొక్కుతరు. దేవుడన్నాక ఎవడూ పెకలించలే. చిన్న రాళ్ళకి ఆ అదృష్టం లేదు, చానా మటుకు సేద్యానికి అడ్డమని తీసేసిండ్రు. బయటోళ్ళు వచ్చినప్పుడు మా రైతుల పొలాల గట్ల మీద నుంచే నడవాలె. పంట తొక్కకుండా నడిచి, ఊళ్ళో చాయ్ తాగి, రెండు మాటలు మాట్లాడి పోతే, ఆ రాయిని చూసే కళ్ళే మారుతయి. మా మేనమామ ఇదివరకు "అడ్డం రాళ్ళు" అనేటోడు. ఇప్పుడు వచ్చినోళ్ళకి తనే తిరిగి చూపిస్తుండు.

గోదారి గట్టు (సోమవారం, ఉదయం 9:10)

కృష్ణొడ్డు గారి మాటకి మా వైపు జీలకర్రగూడెం అచ్చు సాక్ష్యం. పుస్తకాల్లో గుంటుపల్లి గుహలు అంటారు. ఏలూరు జిల్లా, కామవరపుకోట మండలం. కొండలో గుండ్రటి చైత్యం తొలిచారు. పైకప్పు చూస్తే తాటాకు పాక లోపల వాసాలు, దూలాలు ఉన్నట్టే ఉంటుంది, అంతా రాయే. క్రీస్తుకి పూర్వం నాటిది. మధ్యలో ఉన్న స్తూపాన్ని జనం ధర్మలింగేశ్వరస్వామి అని కొలుస్తారు. బుద్ధుడి స్తూపాన్ని శివుడు కాపాడాడు, బాగుంది కదా!

దానికి తలకిందులు అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ, అదీ బౌద్ధ క్షేత్రమే. అక్కడ పొట్ట ఆకారంలో ఉన్నదాన్ని రాక్షసుడిది అనుకుని కనుమనాడు జనం రాళ్ళు విసిరే ఆనవాయితీ ఉండేది. ఆ చోటు బౌద్ధులదని ఊళ్ళవాళ్ళకి చెప్పినవాళ్ళే లేరు మరి. తర్వాత ఇన్‌టాక్ (పాత కట్టడాల్ని కాపాడే సంస్థ) వాళ్ళు ఊళ్ళలో తిరిగి నచ్చజెప్పి మాన్పించారు.

పెన్నేటి గట్టు (సోమవారం, రాత్రి 8:30)

సరే, ఒక మెట్టు దిగుతున్నా. రండి. కానీ రీలు చేసి "ఎవరికీ తెలియని రహస్య ప్రదేశం" అని పెట్టేవాడు రావద్దు. రహస్యం ఏంది సామీ, ఆ ఊళ్ళో వాళ్ళందరికీ తెలుసు కదా. రాసేటప్పుడు ఊరి పేరు రాయండి, గుడి కట్టించినవాళ్ళ పేరు రాయండి, డ్రోను మ్యూజిక్కు తగ్గించండి. గండికోటకి వచ్చేవాళ్ళలో అది పెమ్మసాని వాళ్ళ కోట అని తెలిసినోళ్ళు పదిమందిలో ఒకరుంటే ఎక్కువ.

బెజవాడ బండి (మంగళవారం, రాత్రి 9:15)

వచ్చే ఆదివారం నేను, మా ఆవిడ, మా నాన్న బయల్దేరుతున్నాం. ఎవరైనా కలుస్తామంటే సంతోషం. అనుకున్నది ఇది: పొద్దున ఆరున్నరకి నార్కట్‌పల్లిలో టిఫిను, ఎండ ముదరకముందే ఫణిగిరి, మధ్యాహ్నం సూర్యాపేటలో భోజనం, సాయంత్రం పిల్లలమర్రిలో మాస్టారు చెప్పిన టార్చి పని. పానగల్లు ఇంకోసారి, ఒక్కరోజులో అన్నీ కుక్కితే మా నాన్న మళ్ళీ ఎక్కడికీ రారు.

పేట పోరడు (మంగళవారం, రాత్రి 9:22)

నేను పిల్లలమర్రిల కలుస్త. భోజనం హోటల్లో వద్దు, మా ఇంట్లనే. ఎంతమంది వస్తున్నరో శుక్రవారం లోపల చెప్పండి, అమ్మ అడుగుతుంది.

శాసనాల మాస్టారు (మంగళవారం, రాత్రి 9:40)

నేనూ వస్తున్నాను. నార్కట్‌పల్లిలో నన్ను ఎక్కించుకోండి. బండి గారూ, స్టెప్నీలో గాలి చూసుకున్నారా?

బెజవాడ బండి (మంగళవారం, రాత్రి 9:41)

రేపు కొట్టిస్తాను మాస్టారూ.

ఎడిసన్ బాబాయి (బుధవారం, ఉదయం 5:58)

ఆల్బంలో దొరికింది. మా చెల్లి తలంబ్రాలు పోస్తోంది, పక్కన పురోహితుడు, ఆయన భుజం వెనకాల ద్వారబంధం. శాసనంలో పై ఐదు వరుసలు స్పష్టంగా ఉన్నాయి, ఆరో వరుస సగం మా పెద్దనాన్న తలపాగా కింద పోయింది. స్కాన్ చేయించమని మా మేనల్లుడికి చెప్పాను. మాస్టారూ, ఎంత పెద్ద సైజులో పంపమంటారు?